ఇంటి దగ్గరే పిట్టల ఫోటోలు తీయడం ఎలా: బెజవాడ, గుంటూరు వాళ్ళ కోసం

పిట్టల ఫోటోలు మొదలుపెడదాం అనుకునేవాళ్ళు నన్ను అడిగే మొదటి మాట "ఏ లెన్స్ కొనాలండీ" అని, రెండో మాట "ఎక్కడికెళ్ళాలి" అని. రెండూ చెప్తా గానీ ముందు ఒక పని చేయండి, మీ ఇంటి నుంచి నడిచి పదిహేను నిమిషాల్లో వెళ్ళగలిగే ఒక్క చోటు చూసుకోండి, కాలవ గట్టు అయినా సరే, గుడి దగ్గర రావిచెట్టు అయినా సరే, ఎవరూ ఇల్లు కట్టని ఖాళీ సైటు అయినా సరే, అక్కడికి వరసగా ఓ ఇరవై రోజులు పొద్దున్నే వెళ్ళండి. మొదటి వారం కెమెరా కూడా అక్కర్లేదు. ఏ పిట్ట ఎన్ని గంటలకి వస్తుంది, ఏ కొమ్మ మీద వాలుతుంది, ఎటు తిరిగి కూర్చుంటుంది, ఏ అలికిడికి లేచిపోతుంది, ఇవి చూసి గుర్తుపెట్టుకోండి చాలు.

నాకు ఈ సంగతి నేర్పింది మా కాలవ గట్టు మీద ఉండే లకుముకి పిట్ట. రోజూ కరెంటు వైరు మీద కనపడేది, నేను మెల్లగా దగ్గరికి నడిచేవాణ్ణి, సరిగ్గా ఫోటోకి సరిపోయే దూరం వచ్చేసరికి గట్టిగా అరుస్తూ అవతలి గట్టుకి పోయేది, పది రోజులు ఇదే. తర్వాత ఓ రోజు కాళ్ళు నొప్పెట్టి ఊరికే కూర్చున్నా, అప్పుడు తెలిసింది అది వైరు మీద ఉండేది ఎండ తగిలేదాకానే అని, ఎండ నీళ్ళ మీదకి దిగగానే అది కూడా కిందకి దిగి, ఒరిగిపోయిన సర్కారు తుమ్మ కొమ్మ ఒకటుంది, ఆ కొమ్మ మీదే కూర్చుని వేటాడుతుంది, చేప గానీ మిడత గానీ దొరికితే మళ్ళీ అదే కొమ్మకి తెచ్చి బాది బాది మింగుతుంది. మర్నాడు అది రాకముందే వెళ్ళి ఆ కొమ్మకి ఎదురుగా తూర్పు వీపుకి పెట్టుకుని కూర్చున్నా. ఆరూ యాభైకి వచ్చింది, నా వైపు ఒకసారి చూసి తన పనిలో పడింది, చేపని కొమ్మకేసి కొడుతున్న ఫోటో ఆ రోజు వచ్చింది. లెన్స్ పాతదే, కెమెరా కిట్టుతో వచ్చిన 55-250 ఎంఎం జూమ్ (ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనపడుతుంది).

కాబట్టి పద్ధతి ఒకటే, పిట్ట కంటే ముందు మనం వెళ్ళి కూర్చోవాలి. కూర్చోవాలి అంటే నిజంగానే నేల మీద కూర్చోవాలి, నిలబడ్డ మనిషి అంటే పిట్టకి భయం, పైగా కింద నుంచి తీస్తే పిట్ట కంటికి మన లెన్స్ సమానంగా వచ్చి వెనకాల ఉన్నదంతా మెత్తగా కరిగిపోతుంది. పాత గోనె సంచి ఒకటి తీసుకెళ్ళండి. తెల్ల చొక్కా, మెరిసే రంగులు వద్దు, మాసిన ఆకుపచ్చ, మట్టి రంగు ఏదైనా పర్లేదు, మిలటరీ చారల బట్టలు మాత్రం ఊళ్ళో వేసుకుని తిరగకండి, ఎవరెవరో ఏదేదో అనుకుంటారు.

ఇంక కెమెరా సంగతి. ఫోన్ ఒక్కటే ఉన్నా మొదలుపెట్టొచ్చు, దానికి వేరే దారి ఉంది కింద చెప్తా. కొనాలనుకుంటే సెకండ్ హ్యాండ్‌లో లెన్స్ మార్చుకోగలిగే డీఎస్ఎల్ఆర్ కెమెరా బాడీ, 70-300 లెన్స్ చూడండి, ఏడాది దానితో గడపండి. నికాన్ పీ900 లాంటి పెద్ద జూమ్ కెమెరాలున్నాయి, 83 రెట్లు జూమ్, అంటే 2000 ఎంఎం దాకా వెళ్తుంది, మంచి వెలుతురులో కూర్చున్న పిట్టకి చాలా బాగుంటాయి, ఎగిరే పిట్టకీ సాయంత్రం మసక వెలుతురుకీ మాత్రం కష్టం. సిగ్మా, టామ్రాన్ 150-600లు బరువు రెండు కిలోల దగ్గర ఉంటుంది, బండి మీద వేసుకుని తిరిగేవాళ్ళు ఆ బరువు ఆలోచించుకుని కొనండి.

సెట్టింగులు నేను వాడేవి చెప్తా. మాన్యువల్ మోడ్, అంటే షట్టరూ అపర్చరూ మనమే పెట్టుకోవడం, ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె, అది మాత్రం ఆటో. కూర్చున్న పిట్టకి షట్టర్ సెకనులో 1/500 నుంచి 1/800 వంతు, ఎగిరేదానికి 1/2000, తేనెపిట్టలాంటి కుదురులేని వాటికి 1/1600 పైనే. అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, లెన్స్‌లో ఎంత తెరుచుకుంటే అంత. ఐఎస్ఓ పెరుగుతుందని భయపడి షట్టర్ తగ్గించేస్తారు చాలామంది, అక్కడే ఫోటో పోతుంది, ఇసక చల్లినట్టు గ్రెయిన్ వస్తే తర్వాత కంప్యూటర్‌లో కొంత తుడవచ్చు, కదిలిపోయిన పిట్టని ఏ సాఫ్ట్‌వేరూ నిలబెట్టదు. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే, ముక్కు అవుటయినా పర్లేదు, తోక అవుటయినా పర్లేదు, కన్ను స్పష్టంగా ఉండాలి, అందులో చిన్న వెలుగు చుక్క పడితే పిట్ట బతికున్నట్టు ఉంటుంది.

మన దగ్గర అందరికీ ముందు దొరికేది కొంగ, అందరివీ ముందు పాడయ్యేవీ కొంగ ఫోటోలే. ఎండలో తెల్ల కొంగని కెమెరాకి వదిలేస్తే ఈకలన్నీ కలిసిపోయి సున్నం ముద్దలా వస్తుంది. ఫోటో వెలుగుని పెంచే తగ్గించే సెట్టింగు ఉంటుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు, దాన్ని -0.7 గానీ -1 గానీ పెట్టండి, ఈకకి ఈక విడిగా కనపడుతుంది. దీనికి తిరగేసి నీటికాకి, భరద్వాజ పక్షి లాంటి నల్ల పిట్టలు ఆకాశం ముందు కూర్చుంటే +1 పెట్టాలి, లేదంటే నల్లటి బొమ్మ తప్ప ఏమీ మిగలదు. ఈ ఒక్కటి చేతికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

టైము గురించి. జనవరిలో మనకి ఆరున్నర దాటాక గానీ పొద్దు పొడవదు, మే నెలలో అయిదున్నరకే వచ్చేస్తుంది, ఎండ వచ్చిన తర్వాత గంటన్నర, మళ్ళీ సాయంత్రం చివరి గంట, ఈ రెండే మీ టైములు. వేసవిలో ఎనిమిదిన్నర దాటితే ఇసక మీంచి, తారు రోడ్డు మీంచి వేడి గాలి లేచి దూరంగా ఉన్నదంతా అలలు అలలుగా ఊగుతుంది, అప్పుడు ఎంత ఖరీదు లెన్స్ పెట్టినా ఫోటో మెత్తగానే వస్తుంది, చాలామంది లెన్స్ పాడైందనుకుని సర్వీసుకి తీసుకెళ్తారు. గాలిది తప్పు, ఇంటికెళ్ళిపోండి.

మన ఊరికి సంబంధించిన ఇంకో బాధ ఉంది. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని పొద్దున్నే బయటికి తీస్తే లెన్స్ మీద మంచు పట్టినట్టు నీటి పొర కమ్మేస్తుంది, గుడ్డతో తుడిచేకొద్దీ మళ్ళీ పడుతుంది, అది ఆరేలోపల మంచి వెలుతురు కాస్తా అయిపోతుంది. రాత్రి పడుకునే ముందే కెమెరా సంచి హాల్లో పెట్టేయండి, జిప్పు తీయకుండా. తర్వాత ఫంగస్, కృష్ణ పక్కన ఉండే మనకి ఈ తేమతో ఫంగస్ తొందరగా పడుతుంది, నా పాత లెన్స్ ఒకటి వర్షాకాలం మొత్తం బీరువాలో తోలు సంచిలో ఉండిపోయి లోపల సాలెగూడు అల్లుకున్నట్టు అయిపోయింది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ సంచులు, చిన్న తేమ మీటరు ఒకటి, ఇంతే కావాల్సింది. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఫోన్ వాళ్ళ దారి ఇప్పుడు. డాబా మీదో బాల్కనీలోనో వెడల్పాటి మట్టి మూకుడు పెట్టండి, రెండు అంగుళాల కంటే లోతు వద్దు, మధ్యలో ఓ గరుకు రాయి వేయండి. నీళ్ళు రోజూ మార్చాలి, దోమలు చేరకుండా. మన ఎండలకి మార్చి నుంచే వస్తాయి, ముందు కాకి, తర్వాత గోరింకలు, పికిలి పిట్టలు, ఉడతలు, అదృష్టం ఉంటే ఓ కంసాలి పిట్ట కూడా. మూకుడికి ఓ అడుగు దూరంలో కుండీలో ఎండు కొమ్మ ఒకటి గుచ్చండి, వచ్చిన ప్రతి పిట్టా ముందు దాని మీద వాలి నాలుగు పక్కలా చూసుకుని అప్పుడు నీళ్ళలోకి దిగుతుంది, మీ ఫోటో ఆ కొమ్మ మీదే. ఫోన్‌ని చిన్న ట్రైపాడ్‌కి బిగించి కొమ్మకి రెండడుగుల్లో పెట్టేసి, బ్లూటూత్ రిమోట్ పట్టుకుని కిటికీ వెనక కూర్చోండి. ముందు రెండు రోజులు ఫోన్ బదులు ఖాళీ డబ్బా ఏదైనా ట్రైపాడ్ మీద ఉంచండి, అలవాటు పడతాయి. వేలితో జూమ్ చేయొద్దు, లెన్స్ ఒకసారి తుడవండి, కొమ్మ వెనకాల ఏముందో చూడండి, నీలం వాటర్ ట్యాంకు, ఆరేసిన చీరలు ఉంటే కొమ్మని నాలుగంగుళాలు పక్కకి జరపండి అంతే. పిల్లి తిరిగే డాబా అయితే మాత్రం మూకుడు గోడ చాటున పెట్టకండి, పిట్టకి నాలుగు వైపులా కనపడాలి.

పిట్టలు రాకపోయినా మీ కరివేపాకు మొక్క ఉంది కదా. దాని మీద, నిమ్మ మొక్క మీద ఆకు తినేసే పచ్చ పురుగులు ఉంటాయి, మందు కొట్టకుండా వదిలేస్తే అవే నిమ్మ సీతాకోకచిలుకలు అవుతాయి, పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, ఎవరూ తినకుండా ఆ వేషం. గుడ్డు నుంచి రెక్కలు ఆరబెట్టుకునేదాకా మొత్తం కథ ఫోన్‌తో ఇంట్లోనే తీయొచ్చు, మా అమ్మ మొదట ఒప్పుకోలేదు, కరివేపాకు అంతా పోతుందని, ఇప్పుడు తనే పొద్దున్నే చూసి "ఒరే, ఇవాళ ఇంకోటి పెట్టింది రా" అని చెప్తుంది. ఇష్టం కలిగితే ఇబ్రహీంపట్నం దగ్గర మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకి ఓ పొద్దున వెళ్ళండి, వానలు పడ్డాక బాగుంటుంది.

కాస్త దూరం వెళ్దాం అనుకునేవాళ్ళకి మొదటి చోటు ఉప్పలపాడు. గుంటూరు పక్కనే, పెదకాకాని మండలం, ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి, ఊరివాళ్ళు వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు, అంత దగ్గరగా అన్ని పెద్ద పిట్టలు మామూలు మనిషికి కనపడే చోట్లు తక్కువ. అక్కడ గూటి మీద కూర్చున్నవాటిని వంద తీసి వచ్చేస్తారు అందరూ. మీరు గాలి చూడండి. పిట్ట ఏదైనా గాలికి ఎదురుగానే వాలుతుంది, గాలికి ఎదురుగానే లేస్తుంది, కాబట్టి గాలి మీ వీపుకి తగిలేలా నిలబడితే వాలే పిట్ట మీ ముఖం వైపే వస్తుంది. చలికాలంలో మనకి పొద్దున గాలి చాలాసార్లు ఈశాన్యం నుంచే, ఎండ కూడా తూర్పు పక్క నుంచే, అంటే రెండూ దాదాపు వీపున పెట్టుకుని నిలబడొచ్చు. నోట్లో పుల్ల పట్టుకుని రెక్కలు బార్లా చాపి కాళ్ళు ముందుకి పెట్టి దిగే ఎర్రకాళ్ళ కొంగ ఫ్రేమ్ నిండా వస్తుంది, దాని వెనక ఈకల్లో ఆ గులాబీ రంగు అప్పుడే బాగా తెలుస్తుంది. రెక్కలు కోయకుండా ఉండాలంటే జూమ్ కొంచెం వెనక్కి తీసి పెట్టుకోండి, ఆత్రంలో అందరం దగ్గరికే లాగుతాం.

కొల్లేరు గురించి అందరూ అడుగుతారు, 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని చూడొచ్చు, తప్పకుండా వెళ్ళండి గానీ ఏడాదికి ఒకసారి వెళ్ళే చోటుకీ రోజూ వెళ్ళే చోటుకీ పోలిక లేదు.

కృష్ణ ఒడ్డు మనకి ఉన్న వరం. ప్రకాశం బ్యారేజీ గేట్లు మూసున్నప్పుడు కింద మడుగుల్లో కొంగలు, నీటికాకులు, నలుపు తెలుపు లకుముకి పిట్టలు ఉంటాయి. ఈ నలుపు తెలుపుది గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలు ఆడిస్తూ కిందకి చూసి రాయిలా పడుతుంది, కొత్తగా ఎగిరే పిట్ట ఫోటో నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి మాస్టారు లేదు, ఎందుకంటే ఆ నాలుగైదు క్షణాలు అది కదలదు, ఫోకస్ పట్టుకోవడానికి టైము ఇస్తుంది. రొమ్ము మీద రెండు నల్ల పట్టీలుంటే మగది, ఒకటే ఉండి మధ్యలో తెగిపోయినట్టుంటే ఆడది. కానీ నది ఇసకలోకి దిగేముందు గేట్ల సంగతి కనుక్కోండి, 70 గేట్లలో ఏవి ఎప్పుడు ఎత్తుతారో ఇసకలో కూర్చున్నవాడికి తెలియదు, 2024 సెప్టెంబర్‌లో ఆ బ్యారేజీ మీంచి 11 లక్షల క్యూసెక్కులు పోవడం మనం చూసినవాళ్ళమే. వర్షాకాలంలో నేను ఒడ్డు దిగను. బ్యారేజీ మీద, గేట్ల దగ్గర పెద్ద లెన్స్ తీయకండి, అక్కడ కాపలా ఉంటుంది, వాళ్ళ పని వాళ్ళది.

పొలాలకి వెళ్తే ముందు రైతుని పలకరించండి. రాజధాని కోసం భూములు కొలిచిన అమరావతి వైపు ఊళ్ళలో ఒకసారి ట్రైపాడ్ నిలబెట్టగానే ఓ పెద్దాయన గబగబా వచ్చి "ఏం బాబూ, మళ్ళీ సర్వేనా?" అన్నాడు, ఆయన గొంతులో భయం నాకు ఇప్పటికీ గుర్తే. "కాదు బాబాయ్, పాలపిట్ట ఫోటో" అని స్క్రీన్ చూపించాక నవ్వి, బోరు దగ్గర వైరు మీద రోజూ కూర్చుంటుందని, దసరాకి ఊరంతా దాన్ని చూడ్డానికి వస్తారని చెప్పి నన్ను గట్టు మీదుగా తీసుకెళ్ళాడు. పాలపిట్ట కూర్చున్నప్పుడు మట్టి రంగే, రెక్క విప్పితేనే ఆ నీలం, కాబట్టి లేచే క్షణం కోసం ఆగాలి. చాలా పిట్టలు లేచేముందు రెట్ట వేస్తాయి, తర్వాత ముందుకి వంగి కాళ్ళు బిగిస్తాయి, అది కనపడగానే బటన్ నొక్కి పట్టుకోండి. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు వెనకాల కొంగలు గుంపుగా వస్తాయి, డ్రైవరుతో చెప్పి గట్టు మీద ఒకేచోట కూర్చుంటే ట్రాక్టరే వాటిని మీ దగ్గరికి తెస్తుంది. గట్ల మీద నడిచేటప్పుడు చెప్పులు కాదు బూట్లు, రక్తపింజర మన పొలాల్లో ఉంది, చూపు వ్యూఫైండర్‌లో పెట్టి అడుగు వెయ్యకూడదు.

ఇప్పుడు చెప్పేది దయచేసి పాటించండి. గూళ్ళ జోలికి పోవద్దు. ఆకులు కత్తిరించి గూడు కనపడేలా చేసి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు, తర్వాత అదే సందులోంచి కాకి చూస్తుంది, ఎండ పడుతుంది. తీతువు పిట్ట మార్చి తర్వాత ఖాళీ స్థలాల్లో నేల మీదే గుడ్లు పెడుతుంది, రాళ్ళలో రాళ్ళలా ఉంటాయి, మన ఎండకి గుడ్లు ఉడికిపోకుండా ఆ తల్లి నీళ్ళలో పొట్ట తడుపుకుని వచ్చి వాటి మీద కూర్చుంటుంది. అది మీ నెత్తి మీద తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లు దగ్గర్లో ఉన్నట్టు, మీరు ఉన్నంతసేపూ అది వాటి మీద కూర్చోలేదు, అడుగు ఎక్కడ వేస్తున్నారో చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోండి. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవడం కూడా వద్దు, ఇంకో మగ పిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని తిండి మానేసి వెతుక్కుంటుంది. పంజరంలో చిలకని ఫోటో తీసి పెట్టేవాళ్ళున్నారు, 2018 నుంచి రామచిలుక మన రాష్ట్ర పక్షి, దాన్ని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, అలాంటి ఫోటోకి లైక్ కూడా కొట్టకండి.

పేరు తెలియని పిట్టకి మెర్లిన్ యాప్ ఉచితం, ఫోటో ఇచ్చినా చెప్తుంది, కూత వినిపించినా చెప్తుంది, అప్పుడప్పుడు తప్పుతుంది కాబట్టి ఇంకోసారి సరిచూసుకోండి. చూసినవి ఈబర్డ్‌లో, అంటే పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటులో, రాసిపెట్టండి, ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని పిట్టల లెక్కింపు జరుగుతుంది, మన దేశం 2013 నుంచి అందులో ఉంది, డాబా మీద పావుగంట కూర్చుని లెక్కపెట్టి రాసినా అది పరిశోధకులకి పనికొస్తుంది.

వానలు మొదలయ్యాక, జూలై నుంచి, తాటిచెట్లకీ ఈతచెట్లకీ కాలవ మీదకి వంగిన తుమ్మలకీ గిజిగాళ్ళ గూళ్ళు వేలాడతాయి. మగదానికి అప్పుడు తల మీద పసుపు వస్తుంది, గడ్డి పోచ చీల్చి తెచ్చి అల్లుతుంది, గూడు సగం అయ్యి హెల్మెట్ ఆకారానికి వచ్చాక ఆగి, ఆడది కనపడితే గూటికి తలకిందులుగా వేలాడి రెక్కలు టపటపలాడిస్తుంది, ఆడది వచ్చి లోపల దూరి ముక్కుతో లాగి చూస్తుంది, నచ్చితే మిగతా సగం కట్టడం మొదలవుతుంది, నచ్చకపోతే ఆ గూడు అలాగే వదిలేసి పక్కన ఇంకోటి మొదలు. ఈ సగం గూటి రోజులే ఫోటోకి మంచివి, లోపల ఇంకా గుడ్లు ఉండవు, అయినా ఓ ముప్పై అడుగుల దూరం ఉంచండి, షట్టర్ 1/1600, పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర, మబ్బు పల్చగా ఉన్న రోజైతే ఆ పసుపు ఇంకా బాగా వస్తుంది. గూటికి కింద గొట్టం తయారై ఆడది లోపల కూర్చోవడం మొదలెట్టాక నేను అటు వెళ్ళను, గోనె సంచి తీసుకుని మళ్ళీ కాలవ గట్టుకి, ఆ తుమ్మ కొమ్మకి ఎదురుగా.